తుప్పు గురించి నేను చెప్పిన సగం నిజం

మెరిసే చాకు టమాటా తొక్క మీద జారిపోయినప్పుడు మీరు టమాటాను తిట్టారు గానీ, ఒక్కసారైనా ఆ మెరుపును అనుమానించారా?

అనుమానించి ఉండరు. మెరుపంటే మనకు భక్తి, భక్తి ఉన్నచోట ప్రశ్నకు చోటుండదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక పక్కసందులోని చాకుల దుకాణంలో ముప్ఫై ఆరేళ్లు సాన పట్టాను. ఆ భక్తితో రోజూ పోట్లాడాను. రెండేళ్ల కిందట పని మానేశాను. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తవాళ్లు వస్తున్నారు. హోటల్ వంటవాళ్ల కత్తులకు పదును పెట్టే అమ్మాయిలున్నారు, ఫోన్లోనే మడత చాకులు అమ్మే అబ్బాయిలున్నారు. వాళ్లు నన్ను ఏ రాయి వాడాలి, ఏ నూనె రాయాలి అని అడుగుతారు. అవి చెప్పడం సులువు. నాకు ఇప్పటికీ గుబులు పుట్టించే సంగతిని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

నల్లబడే ఉక్కు

కార్బన్ స్టీలు చాకు అందమైనది కాదు. కొన్న రోజున తెల్లగా ఉంటుంది. ఒక మామిడికాయ కోయగానే బూడిద రంగు మచ్చ పడుతుంది. ఉల్లిపాయకు ఇంకో మచ్చ, చింతకాయకు మరొకటి. ఆర్నెల్లకు అలుగంతా, అంటే కోసే రేకంతా, నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. మొదటిసారి కొన్నవాళ్లు పాడైపోయిందని వెనక్కి తెస్తారు. పాడవలేదు. ఆ నలుపు ఉక్కు పైన పలచగా ఏర్పడిన పొర. ఎర్ర తుప్పు వేరు, ఇది వేరు. ఎర్రది లోహాన్ని తింటుంది. నల్లది దాన్ని కొంతవరకు కాపాడుతుంది.

మరి దీన్ని ఎందుకు ఇష్టపడతారు? సన్నటి అంచు నిలుస్తుంది కాబట్టి. మొద్దుబారితే మామూలు సాన రాయి మీద పది పన్నెండు సార్లు రుద్దితే మళ్లీ దారికి వస్తుంది కాబట్టి. చవక స్టెయిన్‌లెస్‌ను రాయి మీద గంటసేపు రుద్దినా అంచు లేవదు. అంచు వంకరపోయి కూర్చుంటుంది. అలాగని స్టెయిన్‌లెస్ అంతా చెత్త అనను. బాగా కాల్చి, బాగా చల్లార్చిన స్టెయిన్‌లెస్ నేను చూశాను, దానికీ సాన పట్టాను. చేపలు కోసేవాళ్లకు, రోజంతా తడి చేతులతో పనిచేసేవాళ్లకు అదే నయం. తాతల నాటిది గనుక కార్బన్ స్టీలు గొప్పది అనేవాణ్ని నమ్మవద్దు. తాతల నాటి మొద్దు చాకులు కూడా నా బల్ల మీదికి బోలెడు వచ్చాయి.

నిజానికి దాని ఆకర్షణ ఇంకొకటి. అది యజమాని అలవాట్లను దాచదు. తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాసేవాడి చాకు ఒకలా ఉంటుంది. తడి చాకును మడిచి జేబులో వేసుకునేవాడిది ఇంకోలా ఉంటుంది. చాకు విప్పగానే మనిషి తెలిసిపోతాడని నేను కౌంటర్ దగ్గర గర్వంగా అనేవాణ్ని. ఆ గర్వం ఎంత దూరం తీసుకుపోతుందో అప్పటికి తెలియదు.

నిమ్మకాయ

మా యజమాని మల్లేశ్ సేటుది పాత హైదరాబాదు కుటుంబం. నేను గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తా కొడుకుని. పాలిటెక్నిక్‌లో లోహాల గురించి చదివాను, ఆదివారాలు హేతువాద సభల్లో వాదించడం నేర్చాను. ఆయన నా సాన పనిని మెచ్చుకునేవాడు, నా నోటికి జడిసేవాడు.

చాకు అసలైన కార్బన్ స్టీలా కాదా అని గిరాకీకి చూపించడానికి సేటు నిమ్మకాయ కోసేవాడు. కోసి, తుడవకుండా కాసేపు పక్కన పెట్టేవాడు. నిమ్మరసానికి అలుగు మీద మచ్చ పడితే అసలుది. పరీక్ష మంచిదే. కానీ ఈ ఊళ్లో కత్తి, నిమ్మకాయ ఒకచోట కనబడితే జనానికి లోహశాస్త్రం గుర్తుకు రాదు.

ఒకరోజు ఒక పెద్దావిడ వచ్చింది. కూతురు ప్రసవించిందట. బాలింత తలగడ కింద పెట్టడానికి అసలు ఇనుప చాకు కావాలట. సేటు నిమ్మకాయ కోశాడు. మచ్చ పడింది.

"చూసినవా అమ్మా, నల్లబడ్డది. అసలు మాల్!"

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "పట్టింది సేటూ, పట్టింది! మా పిల్ల మీదున్న దిష్టంత దీనికే పట్టింది."

నేను ఊరుకుంటానా? ఆమ్లం, ఇనుము, వాటి మధ్య జరిగే చర్య, అంతా మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గానే విన్నది.

"సారూ, నాకు చాకు కావాల్నా, చదువు కావాల్నా? జర చాకు ఇయ్యుండ్రి, ఆటో ఆగి ఉన్నది."

దుకాణంలో అందరూ నవ్వారు. సేటు మరీ ఎక్కువ నవ్వాడు. నా కోపం నాలుకదాకా వచ్చింది. అప్పుడు ఎందుకో ఒక ప్రశ్న అడిగాను. "తలగడ కింద మూసి పెడతారా, విప్పి పెడతారా?"

"విప్పి పెడ్తం. మూస్తే ఎట్ల పని చేస్తది?"

పసిబిడ్డ పక్కన విప్పిన చాకు! కోపం పోయి భయం పట్టుకుంది. సైన్సు పక్కన పెట్టి బతిమాలాను. మూసి, గుడ్డలో చుట్టి, పైన అటక మీద పెట్టమన్నాను. ఇనుము ఎక్కడున్నా ఇనుమే కదా అన్నాను. ఆవిడ ఆలోచించి, "గట్లనే పెడ్తం తియ్యి" అంది.

హేతువాదిగా నేను సిగ్గుపడాల్సిన మాట అది. మూఢనమ్మకాన్ని తలగడ కింద నుంచి అటక మీదికి మార్చానంతే. కానీ నా ముప్ఫై ఆరేళ్ల ఉపన్యాసాల్లో ఒక ప్రాణికి కచ్చితంగా మేలు చేసింది అదొక్కటే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ రోజు చెప్పడానికి ముందు అడిగాను. ఆ పాఠం అక్కడే నేర్చుకుని ఉంటే కింద రాసింది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. నేర్చుకోలేదు.

అంజయ్య అరచెయ్యి

అంజయ్య బషీర్‌బాగ్‌లో ఒక బంగళా తోట చూసేవాడు. గులాబీలకు అంటు కట్టడంలో అతని చెయ్యి చెప్పుకోదగ్గది. అంటు కట్టేటప్పుడు బెరడు నలగకూడదు, ఒక్క గీతతో తెగాలి. మొద్దు చాకుతో కోస్తే కొమ్మ నలిగి ఎండిపోతుంది. అందుకే అతను కార్బన్ స్టీలు మడత చాకు తప్ప వాడేవాడు కాదు. ఏడాదికి రెండుసార్లు నా దగ్గరికి తెచ్చేవాడు. "మీ సాన పడితే కొమ్మకు నొప్పి తెల్వదు సారూ" అనేవాడు. అంతకు మించిన పొగడ్త నేను ఎరగను.

నేను పని మానడానికి ఏడాది ముందు, ఒక గురువారం సాయంత్రం వచ్చాడు. ఎడమ అరచేతికి గుడ్డ కట్టు. చాకు బల్ల మీద పెట్టాడు. వానల్లో తడిసి, ఎర్రగా తుప్పు పట్టింది. తుప్పును అక్కడివాళ్లు జంగు అంటారు.

"సారూ, జంగు చాకు గీడ దిగింది. పొద్దుగాల. మా ఇంటామె సూది ఏయించుకో అంటది. జంగుతోని ధనుర్వాతం వస్తదంట గద. నిజమేనా?"

కౌంటర్ దగ్గర మరో నలుగురు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డవాళ్లు. తుప్పు పేరు వినగానే వాళ్ల ముఖాలు మారాయి. నేను ప్రేమించే ఉక్కు మీద నిందపడింది. లాయరులా లేచాను.

"అంజయ్యా, అది చదువుకున్నవాళ్లు కూడా నమ్మే మూఢనమ్మకం. తుప్పుకూ ధనుర్వాతానికీ సంబంధం లేదు. తుప్పంటే ఇనుమూ, గాలీ, నీళ్లూ. అంతే. దానికి మనిషిని చంపే శక్తి లేదు!"

"అంటే ఫికర్ లేదంటరు?"

"తుప్పు గురించి ఫికరే లేదు."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇప్పుడు ఏ డాక్టరును అడిగినా అదే చెబుతాడు. ఆ రోగం తుప్పువల్ల రాదు, ఒక సూక్ష్మజీవివల్ల వస్తుంది. ఆ నలుగురూ తలలూపారు. ఇద్దరిలో ఒకాయన కార్బన్ స్టీలే తీసుకున్నాడు. అంజయ్య ముఖం వికసించింది. "గిదే మాట మా ఇంటామెకు చెప్త" అని, సోమవారం వచ్చి చాకు తీసుకుంటానని వెళ్లిపోయాడు. అతను పాత గిరాకీ కదా అని నేను చీటీ మీద ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు.

స్ప్రింగు సందులో

శుక్రవారం మధ్యాహ్నం ఆ చాకు చేతికి తీసుకున్నాను. సాన పట్టేముందు అలుగు మడిచే గాడిని శుభ్రం చేయడం నా పద్ధతి. సన్న పుల్లతో స్ప్రింగు సందులో గీకాను. నల్లటి ముద్ద బయటికొచ్చింది. మట్టి, గడ్డి పోచలు, ఎండిన పేడ. అంజయ్య ఆ చాకుతో అంటు మాత్రమే కట్టడం లేదు. పశువుల ఎరువు బస్తాలు కోస్తున్నాడు, కుండీల్లో పెంటమన్ను కెలుకుతున్నాడు.

ఆ రోగం తెచ్చే క్రిమి ఉండేది సరిగ్గా అక్కడే, మట్టిలో, పేడలో. లోతుగా, సన్నగా దిగిన గాయం దానికి నచ్చిన ఇల్లు. ఈ సంగతి నాకు నిన్నా తెలుసు. పుస్తకంలో చదివిందే. కానీ నిన్న నేను మాట్లాడింది తుప్పు గురించి, అంజయ్య అడిగింది తన ప్రాణం గురించి.

పుల్ల పడేసి లేచాను. సేటు చూశాడు.

"ఏంది ప్రసాదూ, చెయ్యి కోసుకున్నవా?"

జరిగింది చెప్పాను.

"మరి ఫోన్ చెయ్యి."

"నంబరు లేదు సేటు గారూ."

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. "నేను నిమ్మకాయ కోసి, నోరు మూసుకుంటే చాకు అమ్ముడుపోతది. నువ్వు నోరు తెరిచి నిజం చెప్తే మనిషే పోయేటట్టుండె గదరా!"

ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. తరువాత షట్టరు సగం దింపి, స్కూటరు తాళం తీసుకున్నాడు. "ఎక్కు."

బషీర్‌బాగ్ సందుల్లో తోట ఉన్న ప్రతి గేటు దగ్గరా ఆగాం. గులాబీలు కనబడ్డ చోటల్లా వాచ్‌మన్‌ను పిలిచాం. అంజయ్య పేరుతో ఒక డ్రైవరు దొరికాడు, ఒక ఇస్త్రీ ఆయన దొరికాడు. లక్డీకాపూల్ దగ్గర కుండీలు అమ్మే మనిషి మాత్రం గుర్తుపట్టాడు. "అంటు అంజయ్యనా? నాంపల్లి టేషన్ వెనక బస్తీల ఉంటడు. ఇల్లు గుర్తులేదు." అప్పటికే చీకటి పడుతోంది. ఆ బస్తీలో అడిగినవాళ్లు అడ్డంగా తలలూపారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదని రాయడం అనవసరం.

శనివారం పొద్దున్నే మళ్లీ వెళ్లాం. కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న ఒకావిడను అంజయ్య ఇల్లు అడిగాను. ఆవిడ బిందె కింద పెట్టింది.

"మీరెవరు?"

"చాకుల దుకాణం నుంచి..."

"మీరేనా ఆ సారు!" ఆవిడే లక్ష్మమ్మ, అంజయ్య భార్య. "దవాఖానకు పో అని రెండు దినాల సంది మొత్తుకుంటున్న. నీకేం తెల్సు, చాకుల సారు కంటె నీకు ఎక్కువ తెల్సా అంటడు. మీరేమన్న డాక్టరా? చాకులకు సాన పడ్తరా, మనుషులకు పడ్తరా?"

సేటు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను తల దించుకుని ఆమె వెంట లోపలికి నడిచాను.

అంజయ్య మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చెయ్యి వాచింది. "అరే సారూ, మీరొచ్చిన్రా! చాకు తయారైందా?"

"చాకు సంగతి తరవాత. లేవండి, దవాఖానకు పోదాం."

"మీరే గద ఫికర్ లేదన్నరు?"

"నేను అన్నది తుప్పు గురించి..." అని మొదలుపెట్టాను. నిజానికి నా వాదన గట్టిది. ఏ సభలోనైనా నెగ్గేది. లక్ష్మమ్మ చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. ఆ వాచిన చెయ్యి చూశాను. వాక్యం పూర్తి చేయలేదు.

"తప్పు చెప్పాను అంజయ్యా" అన్నాను.

కౌంటర్ వెనక అన్నేళ్లు నిలబడి, ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఇంత చిన్నదా అనిపించింది.

మూడు వారాలు

దవాఖానలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మూడు ప్రశ్నలు అడిగింది. గాయం ఎంత లోతు? మట్టిగానీ పేడగానీ తగిలిందా? ముందు సూది ఎప్పుడు వేయించుకున్నారు? తుప్పు మాట ఆమె ఎత్తనే లేదు. అంజయ్యకు చిన్నప్పుడు వేశారో లేదో కూడా తెలియదు. ఆమె గాయం విప్పి కడిగింది. లోపల నుంచి ఒక గడ్డిపోచ తీసింది. ఒక చేతికి టీకా, ఇంకో చేతికి అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే మరో మందు వేసింది. టీకా మిగతా మోతాదులకు ఎప్పుడు రావాలో రాసిచ్చింది.

"ఇంకా ముందే రావాల్సింది. మూడు వారాలు జాగ్రత్తగా చూసుకోండి. దవడ పట్టేసినా, మింగడం కష్టమైనా, మెడ బిగిసినా ఒక్క క్షణం ఆగొద్దు."

ఆ మూడు వారాలూ నేను చాకులకు సాన పట్టానన్నది నిజమే, ఒక్క చాకు కూడా గుర్తులేదు. ఈసారి రాసుకున్న నంబరుకు ప్రతి ఉదయం ఫోన్ చేసేవాణ్ని. "నోరు పూర్తిగా తెరవగలుగుతున్నారా అంజయ్యా?"

"మా ఇంటామె నోరు ముయ్యమంటది, మీరు తెరవమంటరు. నేను ఎవరి మాట వినాలె సారూ?"

అతను నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. తొమ్మిదో రోజు నవ్వలేదు. "సారూ, దవడ జర గుంజుతున్నది" అన్నాడు. ఫోన్ పట్టుకునే పరుగెత్తాను. దవాఖాన వరండాలో లక్ష్మమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె తలుపువైపే చూస్తోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరమ్మ నోట్లో టార్చి వేసి చూసి, పుచ్చిపోయిన దంతం చూపించింది. అంజయ్య ముందురోజు కాల్చిన మక్కకంకి తిన్నాడట. లక్ష్మమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

ఇంతకాలం నేను సభల్లో భయాన్ని వెక్కిరించాను. భయపడేవాళ్లు ఆలోచించరు అని రాశాను కూడా. లక్ష్మమ్మకు సూక్ష్మజీవి పేరు తెలియదు, కారణం తప్పు చెప్పింది, కానీ చేయాల్సిన పని సరిగ్గా చెప్పింది. నాకు కారణం తెలుసు. తెలిసిన కారణంతో చేయాల్సిన పనిని ఆపించాను. ఇద్దరిలో హేతుబద్ధంగా నడుచుకున్నది ఎవరు? ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, జవాబు నేను చెప్పను.

తిరిగి పట్టుకోలేని మాట

మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం అంజయ్య వచ్చాడు. చెయ్యి మానింది. చాకు చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటి మీద పదును చూసుకున్నాడు. నేను అతనికి రెండో చాకు ఒకటి ఇచ్చాను, బస్తాలకూ మట్టికీ వాడుకోమని. అంటుకు వాడే చాకును వేరే ఏ పనికీ వాడొద్దన్నాను. అతను సరేనన్నాడు. గుండె మీది బరువు దిగిందనుకున్నాను.

"సారూ, మీరు చెప్పింది మావోళ్లకు గూడ చెప్పిన" అన్నాడు.

"సూది వేయించుకోవాలని చెప్పారా? మంచిది."

"అది గాదు. మొదట చెప్పింది. జంగుతోని ఏం గాదు, సూది గీది అక్కర్లేదు అని. ఆ గురువారం పొద్దుగూకినంక టీ కొట్టు కాడ చెప్పిన. తోటమాలోళ్లు అంత ఉన్నరు. సారు ఎంత బాగ చెప్పిండని మెచ్చుకున్నరు."

"ఎంతమంది అంజయ్యా?"

"లెక్క యాదికి లేదు. ఓ పది మంది."

ఆ సాయంత్రమే అతన్ని వెంటబెట్టుకుని ఆ టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. వరసగా నాలుగు సాయంత్రాలు వెళ్లాను. దొరికినవాళ్లకు దొరికినట్టు చెప్పాను. తుప్పు వల్ల కాదు గానీ మట్టి వల్ల వస్తుంది, కోసుకుంటే కడుక్కోండి, దవాఖానకు వెళ్లండి అని. ఒకాయన గ్లాసు దించకుండానే అన్నాడు, "అదేంది సారూ, అప్పుడొకటి, ఇప్పుడొకటి? మీరే గట్ల మారుస్తే మేం ఏది పట్టుకోవాలె?" ఇంకొకాయనకు నేను మొదట చెప్పింది పూర్తిగా గుర్తుంది, రెండోసారి చెప్పింది మరుసటి రోజుకే మరిచాడు. మొదటిది కొత్తగా, ధీమాగా ఉంది, దవాఖాన వరస తప్పిస్తుంది. రెండోది పాత సలహా. ఏది నిలుస్తుంది?

వాళ్లలో ఒక మనిషి దొరకలేదు. పేరు నర్సింహులు అని మాత్రమే అంజయ్యకు తెలుసు. ఆ వారమే కాచిగూడలో రైలెక్కి ఊరికి వెళ్లిపోయాడట. అక్కడ సొంత పొలం పని చేసుకుంటాడట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. అతను ఆ పొలంలో, మట్టి చేతులతో, నా మాటను ఇంకెందరికి చెప్పాడో నాకు తెలియదు. ఎప్పుడైనా కొడవలితో చెయ్యి తెగితే, పక్కన ఒక లక్ష్మమ్మ వెళ్లు వెళ్లు అని మొత్తుకుంటుంటే, హైదరాబాదులో చదువుకున్న సారు అక్కర్లేదన్నాడని అతను అంటాడేమో, అదీ తెలియదు. చెడ్డ వార్త ఏదీ రాలేదు. వచ్చే దారి కూడా లేదు. మూడు వారాలకు గడువు ఉండేది. దీనికి లేదు.

నర్సింహులు ఇది చదవడు. మీరు చదువుతున్నారు. మట్టిలో, పేడలో, ఎరువులో చేతులు పెట్టే మనిషి మీ ఎరుకలో ఒకరైనా ఉంటారు. తోటమాలి కావచ్చు, కూరగాయలు పండించే బావ కావచ్చు, మేడ మీద కుండీలు పెంచుకునే మీ అమ్మ కావచ్చు. వెంటనే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో అడగండి. గుర్తులేదంటే ఉపన్యాసం ఇవ్వకండి. చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకువెళ్లండి, సూది పడేదాకా పక్కనే నిలబడండి.